లంకకు పోయిన సగం పని

మొన్న సత్తుపల్లి బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తింటున్నాను. గోడ మీది టీవీలో రెండు దేశాల పెద్దమనుషులు ఫైళ్లు మార్చుకుని, చేతులు కలిపి, కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నారు. కింద పోతున్న అక్షరాల్లో సుంకాలు తగ్గుతాయనీ, సరుకుల రాకపోకలు సులువవుతాయనీ ఏదో ఉంది. పక్క బల్ల దగ్గరి లారీ డ్రైవరుకు ఇవేమీ పట్టలేదు. "క్రికెట్ పెట్టన్నా" అన్నాడు. హోటలాయన రిమోట్ అందుకోగానే నేను దిగ్గున లేచాను.

"ఉండనీ! చేతులు కలుపుతున్నరు గదా, చూడనీ!"

హోటలంతా నా వైపు చూసింది. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట నాది కాదు. బూర్గంపాడు పక్కన మిర్చి గోదాములో నేను గుమాస్తాగా పనిచేసే రోజుల్లో, ఎవరి ఫోనులో ఇలాంటి వార్త కనబడినా అందరినీ తోసుకుని వచ్చి, ఈ మాటే అరిచి, గాజులు గలగలలాడేలా చప్పట్లు కొట్టే మనిషిది. పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. కాబట్టి ఆ పూట చప్పట్లు నేనే కొట్టాను. డ్రైవరు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. చూడనీ, నాదేం పోయింది!

అందరూ ఆమెను అక్క అనేవారు. వయసులో ఆమె కంటే పెద్దవాడైన మా సేటు కూడా అక్కే అనేవాడు. గోదాములో తొడిమలు తీసే ఆడవాళ్ల జట్టుకు ఆమె మేస్త్రి. మా తేజ మిర్చి కొనే బయటిదేశాల వాళ్లు కొందరు కాయను తొడిమతోనే తీసుకుంటారు, కొందరు తొడిమ తీసి పంపమంటారు. తీసి పంపమన్నప్పుడే ఈ ఆడవాళ్లకు పని. చుట్టుపక్కల కోయ గూడేల వాళ్లు, మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్లు, ఇంట్లో మగవాళ్ల బొగ్గుబాయి ఉద్యోగాలు అయిపోయాక ఇటు చేరిన వాళ్లు, అంతా ఎర్రటి కుప్పల చుట్టూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని కూర్చునేవారు. చేతులకు ఆముదం రాసుకోకపోతే సాయంత్రానికి వేళ్లు భగభగ మండిపోయేవి.

పొద్దున్నే కుప్ప ముందు కూర్చోకముందే అక్క నన్నడిగే ప్రశ్న ఒకటుండేది.

"సారూ, ఇది ఏ దేశం పోతది?"

చెప్పేదాకా కాయ ముట్టేది కాదు, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నాకు తెలియకపోతే సేటుకు ఫోన్ చేయించేది. ఆయన విసుక్కుంటే, "ఎవరికి వండుతున్నమో తెల్వకుండ ఎవరన్న పొయ్యి ముట్టిస్తరా సేటూ?" అని ఎదురడిగేది. దేశం పేరు తెలిసిందా, ఇక ఆమెను పట్టుకోవడం ఎవరితరం! గోదాము నడుమ నిలబడి, బస్సుల వేళలు చాటేవాడిలా "బంగ్లాదేశ్! ఇయ్యాల బంగ్లాదేశ్!" అని అరిచేది. ఆ తర్వాత ఆ దేశం గురించి తెలిసినవీ తెలియనివీ కలిపి చెప్పేది. బంగ్లాదేశ్‌లో మన గోదారంత నదులు ఊరికొకటి ఉంటాయట. థాయిలాండులో పిల్లలు ఏనుగులెక్కి బడికి పోతారట. "నీకెవరు చెప్పిన్రక్కా?" అని ఎవరైనా అంటే, "నాకు తెల్సు" అనేది. అంతే, అక్కడితో వాదన ముగిసిపోయేది.

శ్రీలంక పేరు వచ్చిన రోజున మాత్రం ఆమె ముఖమే వేరు. మా గోదాము మేడ మీదికెక్కితే నది అవతల భద్రాచలం కనిపిస్తుంది. అటు చేయి చూపించి, "మన రాముడు లంకకు బాణాలు పట్టుకొని పోయిండు. మనం మిర్చి పంపుతున్నం. ఎవరి పద్ధతి మంచిగున్నదో మీరే చెప్పుర్రి!" అనేది.

"అక్కా, ఆయన వింటడు" అని ఎవరో ఒకరు భయపెట్టేవారు.

"విననీ! సీతమ్మ దొరికినంక ఇంకా కొట్లాట ఎందుకు ఆయనకు మాత్రం!"

ఈ పొరుగు దేశాల పిచ్చి ఆమెకు ఎక్కడ అంటుకుందో నాకు ఒక ఆటో ప్రయాణంలో తెలిసింది. ఆమె చెల్లెలిది ఎటపాక. భద్రాచలం నుంచి నడిచిపోయేంత దూరం. రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ ఊరు ఆంధ్రలోకి వెళ్లింది. ఉన్న ఇంట్లోనే ఉంటూ, తోమిన గిన్నెలే తోముకుంటూ చెల్లెలు పక్క రాష్ట్రం మనిషైపోవడం అక్కకు ఎన్నాళ్లకూ మింగుడు పడలేదు. ఆ చెల్లెలి ఇంట్లో చెవులు కుట్టే వేడుకకు నన్నూ పిలుచుకుపోయింది. ఆటో భద్రాచలం ఊరిబయటి బోర్డు దాటిందో లేదో, "ఆపు, ఆపు!" అని కేక. డ్రైవరు హడలిపోయి బ్రేకు తొక్కాడు.

"రాష్ట్రం మారింది" అంది అక్క కళ్లు పెద్దవి చేసి. "ఎవరికన్న ఏమన్న తెల్సిందా? సారూ, నీకు కడుపుల ఏమన్న కదిలిందా?"

లేదన్నాను.

"తమ్మీ, నీకు?"

"నాకు లేటైతుందమ్మా" అన్నాడు డ్రైవరు.

"సూశిన్రా! ఎవ్వరికీ ఏం కాలే! దేశాలు గూడ గట్లనే ఉంటయి. బోర్డులు పెట్టుకోనీ, ఎవలద్దన్నరు? సరుకు పోనియ్యాలె, మనిషిని పోనియ్యాలె. తమ్మీ, ఇగ పోనియ్యి, జల్దీ!"

నేను ఆమెతో ఊరికే ఒప్పుకునేవాణ్ని కాదు. నాకు సత్తుపల్లిలో కొద్దిగా పామాయిల్ తోట ఉంది. బయటి దేశాల పామాయిల్ మీద సుంకం తగ్గిందన్న వార్త వచ్చినప్పుడల్లా నా గుండెలో రాయి పడుతుంది. ఒకసారి ఆమె ఇలాగే చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకేంటక్కా, కొడతావు! తలుపులన్నీ బార్లా తెరిస్తే ఆ దేశాల నూనె వచ్చి నా గెలల మీద పడుతుంది. నన్నెవరు చూస్తారు?"

అక్క చేతులు కిందికి దించింది. మళ్లీ కుప్ప ముందు కూర్చుని తొడిమలు తుంచింది. పొద్దు వాలాక, ఆముదం చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ గెలల సంగతి నేను మరువలే సారూ. దానికి ఏదో ఒక దారి చూడాలె. గని తలుపైతే ముయ్యొద్దు" అంది.

ఆ దారి ఏమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నాకు దక్కింది ఆ మాటొకటే.

ఇక అసలు రోజు సంగతి చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు! శ్రీలంక నుంచి ఒక వ్యాపారి మా గోదాము చూడటానికి వస్తున్నాడని సేటు చెప్పాడు. కొలంబో దగ్గర ఆయనకు కారం మిల్లు ఉంది. సరుకు నచ్చితే ఆ సీజనంతా మా దగ్గరే కొంటాడు. అప్పుడు మాకు వేరే పెద్ద ఆర్డరేదీ లేదు. ఆయన కొంటే ఆడవాళ్లకు పని, లేకపోతే ఇళ్లకు పోవడమే. ఆ సంగతి గోదాములో అందరికీ తెలుసు.

అక్కకు మాత్రం పని దిగులు కంటే ముందు వేరే దిగులు పట్టుకుంది. "ఏం పెట్టాలె ఆయనకు?" వంట బాధ్యత తనే మీద వేసుకుంది. ఆమె ఎప్పుడో పర్ణశాలలో ఒక తెల్లదొర మిర్చి బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లు ధారగా కారుతుంటే నీళ్ల సీసా కోసం పరుగెత్తడం చూసింది. అప్పటినుంచి బయటిదేశం మనిషి అంటే కారం తినలేని మనిషి అని ఆమె లెక్క. "పాపం, దూరం నించి వస్తున్నడు. మన కారం పెట్టి చంపుతమా?" అంది. జట్టులో ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు, సేటుకూ రాలేదు. మిర్చి గోదాములో, మిర్చి కొనడానికి వచ్చే మనిషికి, మిరపకాయ అన్నదే లేకుండా పప్పు, ఆలుగడ్డ కూర, పాలకూర, పెరుగన్నం వండించింది. తాళింపులో కూడా ఎండుమిర్చి పడకుండా తనే నిలబడి కాపలా కాసింది.

ఆయన వచ్చాడు. బక్కపలచని మనిషి, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆయన మాట మా వాళ్లకు, మా వాళ్ల మాట ఆయనకు చెప్పడం నా వంతు. గోదాము తిరిగాడు, కాయ విరిచి చూశాడు, వాసన చూశాడు. సంతోషంగానే కనిపించాడు. విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఆగిపోయి మా అందరి ముఖాలూ చూశాడు.

"మీరు మీ మిరపకాయలు తినరా?" అన్నాడు నాతో.

నేను ఏదో చెప్పబోయేలోపే విస్తరి పక్కకు జరిపాడు. "ఇన్ని కుప్పల మధ్య ఉండి మీరే తినడం లేదంటే, వీటి మీద ఏం మందులు కొట్టారు?"

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. సేటు ముఖం పాలిపోయింది. అక్క తన నెత్తి తనే కొట్టుకుంది.

"అయ్యో నా మతి మండ! ఏం పని చేసిన! సారూ, ఆయన్ను లేవనియ్యకు. పట్టుకో! కాళ్లన్న పట్టుకో!"

ఉరికింది. ఆ వయసులో ఆ ఉరుకుడు నేను మరెవరిలోనూ చూడలేదు. ఆయన కళ్లెదురుగా కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసింది. పెనం మీద వేయించింది. గోదాములో ఒకరికీ ఊపిరి ఆడలేదు, అందరం దగ్గులు, తుమ్ములు! ఇద్దరు ఆడవాళ్లు రోలు దొర్లించుకొచ్చారు. వెల్లుల్లి, ఉప్పు, ఇంత చింతపండు వేసి దంచింది. వేడన్నంలో ఆ ఎర్రకారం, నూనె కలిపి, మొదటి ముద్ద తను తింది. రెండో ముద్ద జట్టులో అందరికంటే చిన్నపిల్ల నోట్లో పెట్టింది. మూడో ముద్ద ఆయన విస్తట్లో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది, కళ్లు కారాయి. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. ఆయన చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుని, విస్తరి మళ్లీ ముందుకు జరుపుకుని, "ఇంకొంచెం" అన్నాడు.

అబ్బ, ఆ అరుపులు! ఆ నవ్వులు! ఒక కోయ పిల్ల ఈల వేసింది. తమ దేశంలో ఇంతకంటే ఎక్కువే తింటామని ఆయన చెబితే, "మరి ముందుగాల చెప్పొద్దా నాయనా!" అని అక్క ఆయన్నే కోప్పడింది. అది నేను అనువదించలేదు.

సరుకు ఖాయమైపోయింది. సేటు చెయ్యి చాపాడు. అప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "కాయ తొడిమతోనే పంపండి. తొడిమలు మా మిల్లులో తీసుకుంటాం."

సేటుకు అదింకా సులువు. సరేనన్నాడు. నేను ఆ మాట మెల్లగా ఆడవాళ్లకు చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. కారం ఘాటు ఇంకా గాలిలో ఉండగానే వాళ్ల సీజను చేజారిపోయింది. అక్క ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"గట్ల గాదు నాయనా. తొడిమ తీసుడే మాకు బువ్వ. ఈళ్లంతా దానిమీదనే బతుకుతున్నరు. తీసే పంపుతం. మంచిగ తీస్తం, కాయ విరగదు."

ఆయన విన్నాడు. జవాబుగా ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. ఆయన మిల్లు. ఎర్రటి కుప్ప, దాని చుట్టూ ఆడవాళ్లు, ముక్కులకు గుడ్డలు.

"వీళ్లూ తొడిమలు తీసేవాళ్లే. మీరు తీసి పంపితే నేను వీళ్లకు ఏం చెప్పాలి?" అన్నాడు.

అక్క ఫోను చేతిలోకి తీసుకుంది. ఎంతసేపు చూసిందో! ఒక్కొక్క ముఖం దగ్గర ఆగి చూసింది. నాకు నా పామాయిల్ గెలలు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఏం చెబుతుందో చూద్దామని, నిజం చెప్పొద్దూ, నేను కూడా దగ్గరికి జరిగాను.

"సగం" అంది.

"ఏంది?" అన్నాడు సేటు.

"సగం బస్తాలు మేం తొడిమలు తీసి పంపుతం. సగం తొడిమతోటి పంపుతం. గా సగం వాళ్లు తీస్కుంటరు. చెప్పు సారూ, చెప్పు ఆయనకు."

రెండు రకాల బస్తాలు వేరువేరుగా పేర్చాలా, తలనొప్పి కాదా అని సేటు గొణిగాడు. ఆ వ్యాపారి మాత్రం కాసేపు ఆలోచించి తల ఊపాడు. అలా ఒప్పందం కుదిరింది. ఫైళ్లు లేవు, కెమెరాలు లేవు. ఆయన వేళ్లకు ఇంకా కారం మెతుకులు అంటుకునే ఉన్నాయి.

ఆయన కారు గేటు దాటగానే అక్క మీద జట్టు విరుచుకుపడింది. కారేపల్లి నుంచి వచ్చి పనిచేసే ఒకామె ముందుకు వచ్చింది.

"మా పని పంచటానికి నువ్వెవరు? ఎవరో సముద్రం అవతలి వాళ్లకు మా బువ్వ పెట్టి వస్తవా?"

"నీది పంచలే బిడ్డా" అంది అక్క. "వంతులు పెట్టుకుందం. ఎవరినీ తీసెయ్యొద్దు. అందరం పని చేద్దం, అందరం వంతుల వారీగ ఇంటికాడ ఉందం. మొదటి వంతు నాది."

మేస్త్రికి వంతు ఉండదు. ఆమె లేకుండా పని నడవదు కూడా. అయినా పట్టుబట్టింది. ఆమె ఇంటి దగ్గర ఉండాల్సింది మంగళవారాలు. ఉంటేనా! పొద్దున్నే తయారై వచ్చి, లోపలికి రాకుండా గేటు పక్కన రాయి మీద కూర్చునేది. చేతులు ఒళ్లో పెట్టుకునేది, తీసేది, చెంగు చివర్లు నలిపేది. అక్కడి నుంచే లోపలికి "రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నరా?" అని కేక వేసి అడిగేది. ఎవరూ పలికేవారు కాదు. వాళ్ల కోపం ఇంకా తగ్గలేదు. ఆ మంగళవారాల్లో ఆమె ముఖం చూడలేక నేను వెనక గేటు గుండా పోయేవాణ్ని.

సరుకు చేరాక ఆ వ్యాపారి నాకు వీడియో కాల్ చేశాడు. మిల్లు చూపిస్తానన్నాడు. నేను ఫోను పట్టుకుని గోదాములోకి పరుగెత్తాను. అక్కా, జట్టంతా చుట్టూ మూగారు. తెరలో ఆ ఫొటోలోని ఆడవాళ్లే. మావాళ్లలాగే ముక్కులకు గుడ్డలు. కొందరు గుడ్డ కిందికి లాగి నవ్వారు. ఒక పెద్దావిడ ముందుకొచ్చి ఏదో చెప్పింది. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను.

"ఇదివరకు తొడిమ పనంతా వాళ్లదేనట. ఈసారి సగమే వచ్చిందట. ఎవరినీ మానిపించడం ఇష్టం లేక వాళ్లూ వంతులు వేసుకున్నారట."

కారేపల్లి ఆమె అక్క భుజం మీద చెయ్యి వేసింది. అక్క కళ్లు నిండిపోయాయి, ఆ కన్నీళ్లకు కారణం మిరప ఘాటు కాదు. కానీ మా అక్క ఏడుస్తూ నిలబడే మనిషా! వెంటనే ఫోను తన వైపు లాక్కుంది.

"సారూ, ఆమెకు ఏ రోజు సెలవో అడుగు."

అడిగాను. గురువారం అన్నారు.

"నాది మంగళారం. ఆమెను గూడ మంగళారం పెట్టుకోమను. ఇద్దరం ఒక్కరోజే కూసుందం."

నా మాట ఆయన విని, తమ భాషలో ఆవిడకు చెప్పాడు. ఆవిడ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత తెరకు బాగా దగ్గరగా వచ్చి, అక్కను చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వి తల ఊపింది.

మరుసటి మంగళవారం గేటు పక్కన రాయి ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయాను. అక్క వేపచెట్టు నీడలో మంచం వాల్చుకుని, కాళ్లు బారజాపి, చేతులు ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"పనికాడికి రాలేదేంటక్కా?" అన్నాను.

"ఎట్ల వస్త సారూ? ఆడ ఆమె కూసున్నది గదా!"